మన ఎండలకి ఏ చీజ్ కొనాలి, దేంట్లో దాచాలి, దేని మీద వడ్డించాలి

నిఘంటువు తీస్తే చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. నెల్లూరులో ఎవరింట్లోనైనా జున్ను ఎన్నాళ్ళు నిలవుంటుందని అడిగి చూడండి. "నిలవేంది, ఈ పూటకే చాలదు" అంటారు. చీజ్ సంగతి అలా కాదు. ఒక రకం నాలుగు రోజుల్లో పులిసిపోతుంది, ఇంకో రకం నెల దాటినా చెక్కుచెదరదు. అయినా చాలా ఇళ్ళలో అన్ని రకాలూ చేరేది ఒకే చోటికి: ఫ్రిజ్ తలుపు అరలోకి, గుడ్ల పక్కకి, సగం చించిన కవర్‌తో సహా.

కోస్తా ఇళ్ళలో చీజ్‌ని ఎండ కంటే ఎక్కువగా పాడుచేసేది ఫ్రిజ్‌లోంచి మాటిమాటికీ తీసి పెట్టడం. చల్లటి ముక్క బయటికి రాగానే ఉక్క గాలిలోని తేమ దాని మీద చెమటలా పడుతుంది. కాస్త కోసుకుని, ఆ చెమ్మతోనే మళ్ళీ చుట్టి లోపల పెడతాం. బూజుకి కావలసింది ఆ నీటి పొరే. పదిసార్లు తీస్తే పదిసార్లు తడుస్తుంది. అందుకే కొనడమైనా, చుట్టడమైనా, వడ్డించడమైనా ఒక్క లెక్క పెట్టుకోండి: ఒక ముక్క ఒక్కసారే బయటికి రావాలి.

క్యూబులా, స్లైసులా, బ్లాకా?

ఒంగోలు, నెల్లూరు, కావలి కొట్లలో సులువుగా దొరికేది ప్రాసెస్డ్ చీజ్. చెడ్డార్ లాంటి మామూలు చీజ్‌ని కరిగించి, సిట్రేట్, ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలిపి, వేడి మీద కలియబెట్టి అచ్చు పోస్తారు. చీజ్‌ని ముదరబెట్టే సూక్ష్మజీవులు ఆ వేడికి చాలావరకు చచ్చిపోతాయి. అందుకే ఇది ముదరదు, కరిగిస్తే నూనె విడిపోదు. నిలవకైతే మన వాతావరణంలో దీన్ని మించింది లేదు. రుచికి మించినవి చాలా ఉన్నాయి, అది వేరే మాట.

ఇందులో మూడు రూపాలు. అమూల్ క్యూబుల పెట్టె 200 గ్రాములదైతే ఎనిమిది క్యూబులు, ఒక్కోటి 25 గ్రాములు, దేనికది ఫాయిల్‌లో చుట్టి ఉంటుంది. ఈ రోజు ఒకటి విప్పితే మిగిలిన ఏడింటికీ గాలి తగలదు. వారానికి రెండుమూడు సార్లు పిల్లల బాక్సులోకో, దోశ మీదకో వాడే ఇంటికి క్యూబులే సరైనవి. గ్రాము లెక్కన బ్లాక్ కంటే కాస్త ఎక్కువ పడినా, బ్లాక్‌లో బూజు పట్టి పారేసే ముక్క ఖరీదు కలిపితే చివరికి క్యూబే చవక. స్లైసులకీ విడివిడి పొర ఉంటుంది కానీ ఎండలో ఒక్కసారి మెత్తబడితే పొరకి అంటుకుని చిరుగుతాయి. రోజూ శాండ్‌విచ్ చేసేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు వాటి జోలికి పోనక్కర్లేదు. 200 గ్రాముల బ్లాక్ పది రోజుల్లో అయిపోయే ఇంట్లో బ్లాక్ తీసుకోవచ్చు. కిలో బ్లాక్ మాత్రం టిఫిన్ సెంటర్లకీ, పుట్టినరోజు పార్టీలకీ. ఇంటికి వద్దు.

మొజరెల్లా: తురిమిందా, ముద్దా, నీళ్ళలో ఉండలా?

తురిమిన సంచి చేతికి తేలిక. కానీ తురిమితే చీజ్‌కి గాలి తగిలే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది, బూజు కూడా అంత తొందరగా అందుకుంటుంది. విప్పాక వారం లోపల వాడెయ్యాలి. అతుక్కోకుండా చాలా కంపెనీలు పిండిపదార్థమో సెల్యులోజో చల్లుతాయి. అది హానికరం కాదు కానీ కరిగేటప్పుడు కాస్త బిరుసుగా అనిపిస్తుంది. తేమ తక్కువున్న మొజరెల్లా ముద్దని సరిగ్గా చుడితే విప్పాక రెండు వారాల దాకా ఉంటుంది, అప్పటికప్పుడు తురుముకుంటే సాగుడు కూడా బాగుంటుంది. తురిమే ముందు ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి, లేదంటే తురుముపీట రంధ్రాల్లో పేస్టు అయిపోతుంది.

నీళ్ళలో తేలే తాజా మొజరెల్లా ఉండలు వేరే జాతి. వాటిని ఆ నీళ్ళలోనే ఉంచాలి, తెరిచాక మూడు నాలుగు రోజులే. ఎల్లుండి విందు ఉందంటే తప్ప కొనకండి.

ఒక హెచ్చరిక. మొజరెల్లా ధర మరీ తక్కువగా ఉంటే ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదవండి. పామాయిల్ లాంటి వంటనూనె గానీ, 'అనలాగ్' అన్న మాట గానీ ఉంటే అందులో పాలకొవ్వు స్థానంలో నూనె ఉన్నట్టు. అది తినకూడనిదేమీ కాదు గానీ, చీజ్ అనుకుని డబ్బు పెట్టే వస్తువు కాదు.

చెడ్డార్, గౌడా, పర్మేజాన్

మొదటిసారి తినేవాళ్ళున్న ఇంటికి గౌడా తీసుకోండి. కమ్మగా, వెన్న వాసనతో ఉంటుంది, పిల్లలూ వద్దనరు. చెడ్డార్‌లో పులుపూ ఘాటూ ఎక్కువ, ముదిరిన కొద్దీ పెరుగుతాయి. రెండూ విప్పాక మూడు నాలుగు వారాలుంటాయి. పర్మేజాన్ రకాలు ఇంకా గట్టివి, వాటిలో నీరు తక్కువ, ఉప్పు ఎక్కువ. ముక్కగా ఉంచితే నెల దాటినా బాగుంటాయి. పొడి డబ్బా కంటే ముక్కే మేలు. పొడిలో వాసన ఇట్టే పోతుంది.

ఇంట్లో శాకాహారులుంటే దిగుమతి చీజ్ దగ్గర జాగ్రత్త. అసలైన ఇటలీ పర్మిజానో రెజానోని దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో తోడుపెడతారు. మన దేశంలో తయారైన చీజ్‌లలో చాలావాటికి సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉందో లేదో చూసుకుంటే చాలు.

క్రీమ్ చీజ్, చీజ్ స్ప్రెడ్ డబ్బాలు విప్పాక పది రోజుల నుంచి రెండు వారాలు. వాటిని చెడగొట్టేది చెంచా. రొట్టె మీద పూసిన చెంచానే మళ్ళీ డబ్బాలో ముంచితే తునకలతో పాటు బూజూ వెళ్తుంది. పొడి చెంచాతో కావలసినంత గిన్నెలోకి తీసుకుని డబ్బా వెంటనే లోపల పెట్టెయ్యండి. ఆవకాయ జాడీకి పాటించే మడే దీనికీ.

కొట్లో చూడాల్సినవి

ప్యాకెట్ మీది తేదీ విప్పనంత వరకే. విప్పిన రోజు నుంచి లెక్క మారిపోతుంది, అందుకే విప్పిన తేదీని పెన్నుతో డబ్బా మీద రాసుకోండి.

కొట్లో చల్లపెట్టె రాత్రిళ్ళు కూడా నడుస్తుందో లేదో ప్యాకెట్టే చెబుతుంది. క్యూబుల మూలలు అణిగిపోయి ఉన్నా, ప్యాకెట్ లోపల నూనె బొట్లున్నా, స్లైసులు ఒకే అట్టలా అతుక్కున్నా, తురుము గడ్డ కట్టినా ఆ సరుకు ఎప్పుడో కరిగి మళ్ళీ చల్లబడిందన్నమాట. ఉబ్బిన ప్యాకెట్‌నైతే చెయ్యి కూడా వేయొద్దు. సరుకులన్నీ తీసుకున్నాక చివర్లో చీజ్ తీసుకోండి. బండి డిక్కీ రోహిణి కార్తెలో పొయ్యి లాంటిది, అందులో పెట్టి ఇంకో రెండు పనులు చూసుకుని ఇంటికి వెళ్తే క్యూబులు మలై కాజాల్లా మెత్తబడతాయి.

చెన్నై నుంచి తెచ్చుకునేవాళ్ళు చాలామందే. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు రావడానికి సుమారు రెండున్నర గంటలు, ఒంగోలుకి ఇంకా ఎక్కువ. దానికి ముందు కొట్టు నుంచి స్టేషన్‌కి, తర్వాత స్టేషన్ నుంచి ఇంటికి. గౌడా, చెడ్డార్, పర్మేజాన్ అయితే రెండు జెల్ ప్యాకులు వేసిన చల్లసంచిలో నిక్షేపంగా వస్తాయి. మెత్తటివాటికి చిన్న థర్మకోల్ పెట్టె కావాలి, అడుగున గడ్డకట్టిన నీళ్ళ సీసాలు, మధ్యలో ఒక తువ్వాలు, పైన చీజ్. ఐస్ నేరుగా తగలకూడదు. పెట్టె కొత్తదై ఉండాలి. రొయ్యలు వచ్చిన పెట్టెని ఎంత కడిగినా వాసన పోదు, చీజ్‌లోని కొవ్వు ఆ వాసనని లాగేసుకుంటుంది.

ఇంటికి రాగానే: దేంట్లో చుట్టాలి?

బ్లాక్ ఏదైనా తెచ్చిన రోజే ముక్కలు చెయ్యడం అన్నిటికంటే ముఖ్యం. 200 గ్రాముల గౌడాని 50 గ్రాముల చొప్పున నాలుగు ముక్కలు కోసి, నాలుగూ విడివిడిగా చుట్టండి. ఇక ఒకటి తీసినప్పుడు మిగతా మూడూ కదలవు. కత్తీ, చేతులూ పొడిగా ఉండాలి.

చుట్టడానికి ఏది మంచిదంటే చీజ్‌ని బట్టి చెప్పాలి.

క్లింగ్ ఫిల్మ్ అందరి ఇళ్ళలో ఉంటుంది కానీ గట్టి చీజ్‌కి అది రెండో ఎంపికే. తేమని బయటికి పోనివ్వదు, చీజ్ వదిలే చెమ్మ దాని మీదే ఉండిపోతుంది. వారం దాటితే ప్లాస్టిక్ రుచి కూడా తెలుస్తుంది. రెండు మూడు రోజులకైతే ఫర్వాలేదు.

బటర్ పేపర్ గట్టి చీజ్‌లకి మొదటి ఎంపిక. బేకింగ్ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. పేపర్ లోపల చీజ్ కాస్త ఊపిరి తీసుకుంటుంది, చెమ్మ పేపర్‌కి వెళ్తుంది. కానీ ఒక్క పేపరే అయితే ఫ్రిజ్ గాలికి అంచులు ఎండి పసుపు పచ్చని అట్ట కడతాయి. అందుకని పేపర్ చుట్టాక డబ్బాలో పెట్టాలి.

సిల్వర్ ఫాయిల్ ప్రాసెస్డ్ చీజ్‌కి సరిపోతుంది. ఉప్పునీటిలో ఉండే ఫెటా లాంటివాటికి వద్దు. ఉప్పూ పులుపూ కలిసి అల్యూమినియంని తింటాయి, ఫాయిల్‌కి సన్నటి చిల్లులు పడి చీజ్ మీద బూడిదరంగు మచ్చలు వస్తాయి.

డబ్బా విషయంలో స్టీలుకే మా ఓటు. పాత ప్లాస్టిక్ డబ్బాలకి అప్పటికే ఊరగాయ వాసనో పొడుల వాసనో పట్టి ఉంటుంది. స్టీలుకి ఏమీ పట్టదు. మరీ బిగుతుగా ఉండే మూతకన్నా మామూలు టిఫిన్ డబ్బా మూత నయం. అడుగున నాలుగు మడతలు పెట్టిన టిష్యూ గానీ పొడి నూలుగుడ్డ గానీ పరచండి, దాని మీద పేపర్ చుట్టిన ముక్కలు పెట్టండి. మూడు రోజులకోసారి గుడ్డ తడిసిందేమో చూసి మార్చండి. గుడ్డ ఎప్పుడూ పొడిగా ఉంటే చీజ్ ఎండుతోందని గుర్తు, అప్పుడు ఇంకో పొర పేపర్ చుట్టండి. రోజూ తడిగా ఉంటే ఎవరో డబ్బా ఎక్కువసార్లు తెరుస్తున్నారు.

నీలిబూజు ఉన్న బ్లూ చీజ్ ఎప్పుడైనా తెస్తే దానికి వేరే డబ్బా. లేదంటే దాని బూజు పక్క ముక్కలకీ పాకుతుంది.

ఫ్రిజ్‌లో ఎక్కడ?

తలుపు అర అన్నిటికంటే వెచ్చన, తెరిచిన ప్రతిసారీ బయటి గాలి కొట్టేదీ అక్కడే. చీజ్‌కి అది పనికిరాదు. ఒంటి తలుపు ఫ్రిజ్ అయితే పైన ఫ్రీజర్‌కి ఆనుకున్న అరలో ఒక్కోసారి గడ్డ కడుతుంది, అక్కడా వద్దు. మధ్య అర వెనక భాగం, లేదా కూరగాయల ట్రే మంచివి. ట్రేలో తేమ ఎక్కువ కాబట్టి పేపర్ చుట్టిన గట్టి చీజ్ ఎండదు. అయితే పక్కన కడిగిన కొత్తిమీర తడితో ఉండకూడదు. మంచు కట్టని రెండు తలుపుల ఫ్రిజ్‌లో ఫ్యాన్ గాలి తిరుగుతుంటుంది, అది అన్నిటినీ ఎండబెడుతుంది. ఆ ఫ్రిజ్ ఉన్నవాళ్ళకి డబ్బా తప్పనిసరి. లోపల 4 డిగ్రీలు దాటకూడదు. ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి కొని గ్లాసు నీళ్ళలో వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచి చూడండి. వేసవిలో నాబ్ ఒక అంకె పెంచక తప్పదని చాలా ఇళ్ళలో తేలుతుంది.

వాసనల సంగతి ఇంకొకటి. మన ఫ్రిజ్‌లలో ఏముంటాయో అందరికీ తెలుసు: పులిసే దోశ పిండి, ఎండు రొయ్యల పొట్లం, నిన్నటి చేపల పులుసు, సాయంత్రానికి తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు. ఎండు రొయ్యల్ని ఎలాగూ దూరం పెడతారు, మల్లెల్నే ఎవరూ పట్టించుకోరు. మూత లేని క్రీమ్ చీజ్ పక్కన మూర మల్లెలు ఒక్క రాత్రి ఉంటే పొద్దున బ్రెడ్ మీద అత్తరు పూసినట్టే.

కరెంటు పోతే

తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు, సగం ఉన్నది ఒక రోజు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పట్టుకున్నటువంటి వానల్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. తుపాను కబురు రాగానే నాలుగైదు నీళ్ళ సీసాలు ముప్పావు వంతు నింపి ఫ్రీజర్‌లో పెట్టండి. కరెంటు పోయాక రెండింటిని చీజ్, పాలు ఉన్న అరలోకి మార్చండి.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటి రెండు గంటలు గడిస్తే తాజా మొజరెల్లా, తురిమిన చీజ్, క్రీమ్ చీజ్, పనీర్ పారెయ్యాలి. వాసన బాగానే ఉంది కదా అని వాడొద్దు, హాని చేసే సూక్ష్మజీవులు అన్నిసార్లూ వాసన రానివ్వవు. చెడ్డార్, గౌడా, పర్మేజాన్, ప్రాసెస్డ్ క్యూబులు ఉంచుకోవచ్చు. కరిగి మళ్ళీ గట్టిపడినవాటి ఆకారం పోతుంది, వాటిని వంటలో వాడుకోండి.

రెండు రోజులు తిరుమల వెళ్ళొచ్చేవాళ్ళకి ఒక కిటుకు. గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగిందన్నమాట.

ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

కరిగించి తినేదైతే పెట్టొచ్చు, కోసి తినేదైతే వద్దు. గడ్డకట్టేటప్పుడు చీజ్‌లోని నీరు మంచుపలుకులై లోపలి అల్లికని తెంచుతుంది, తర్వాత కోస్తే ఇసుకలా రాలుతుంది. మొజరెల్లాకి అది పెద్ద నష్టం కాదు, దోశ మీద ఎలాగూ కరిగేదే. 100 గ్రాముల చొప్పున జిప్ కవర్లలో పల్చగా పరిచి, గాలి వత్తి మూసెయ్యండి. ఇంట్లో తురిమినదైతే 200 గ్రాములకి ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపితే గడ్డ కట్టదు. మూడు నెలల్లో వాడెయ్యాలి. ముద్దైతే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించి కరగనివ్వాలి. తురుమైతే గడ్డ మీదే నేరుగా వేసుకోవచ్చు. ఒకసారి కరిగాక మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

బూజు పడితే

చెడ్డార్, గౌడా లాంటి గట్టి ముక్కల మీద ఒక చోట బూజు కనిపిస్తే, మచ్చ చుట్టూ, కిందికీ కనీసం రెండున్నర సెంటీమీటర్లు, అంటే అంగుళం మేర కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చు. కత్తి బూజుకి తగలకూడదు, తగిలితే అదే బూజుని లోపలికి పూస్తుంది. పాత పేపర్ పారేసి కొత్తది చుట్టండి. 50 గ్రాముల ముక్కకి అంగుళం కోస్తే ఏమీ మిగలదు కాబట్టి దాన్ని మొత్తం వదులుకోవడమే. తురుము, స్లైసు, క్రీమ్ చీజ్, తాజా మొజరెల్లా మీద ఏ కాస్త కనిపించినా మొత్తం పారెయ్యాలి, అందులో బూజు వేళ్ళు కనపడకుండా పాకి ఉంటాయి.

ముదిరిన చెడ్డార్ మీద తెల్లటి పలుకులు కనిపిస్తే భయపడకండి. వేలితో రుద్దితే ఉప్పురవ్వలా గరగరలాడితే అది క్యాల్షియం లాక్టేట్, తినొచ్చు. దూదిలా మెత్తగా ఉంటే అది బూజు.

వడ్డించే వేళ

చలిదేశాల పుస్తకాల్లో చీజ్‌ని గంట ముందు బయట పెట్టమని ఉంటుంది. ఆ గది 20 డిగ్రీలుంటుంది. మే నెలలో ఏసీ లేని ఒంగోలు ఇంట్లో గంట పెడితే ప్లేటులో నూనె మడుగే. పాలకొవ్వు 35 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాదాపు మొత్తం కరిగిపోతుంది, అందుకే చీజ్ చెమట పట్టినట్టు నూనె కారుస్తుంది. మన లెక్క ఇలా వేసుకోండి: వేసవిలో ఏసీ లేని గదిలో పది నిమిషాలు, ఏసీ 25లో ఉంటే అరగంట, డిసెంబరు జనవరి సాయంత్రాల్లో అరగంట పైన. కత్తి దిగేటప్పుడు గట్టిగా ఉండి, నోట్లో వెంటనే మెత్తబడితే సరైన సమయం.

ఈ పది నిమిషాలూ పేపర్ విప్పకూడదు. తేమ పేపర్ మీద పడుతుంది, చీజ్ పొడిగా ఉంటుంది. వానాకాలంలో ఇదొక్కటి మరిచిపోతే వేడి అన్నం మీద మూతలాగా చీజ్ నిండా నీటిబొట్లే.

దేని మీద పెట్టాలన్న దానికి బయటి సరుకు వెతుక్కోనక్కర్లేదు, మన చుట్టుపక్కలే మూడున్నాయి.

చీమకుర్తి గ్రానైట్, బంగారు చుక్కలున్న నల్లరాయి, వేసవికి అన్నిటికంటే పనికొచ్చేది. పాలిష్ చేసిన 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 2 మందం ముక్క మూడున్నర కిలోల దాకా బరువుంటుంది. గంటసేపు ఫ్రిజ్ కింది అరలో పెట్టి తీస్తే పెట్టిన చీజ్‌ని చాలాసేపు చల్లగా ఉంచుతుంది. పై గాజు అరల మీద పెట్టకండి, అంత బరువుకి అర పగిలితే చీజ్‌తో పాటు పులుసూ పోతుంది. రాయి కూడా చెమరుస్తుంది కాబట్టి పైన బటర్ పేపర్ పరచండి. రాయికి మెరుపు కోసం రసాయనం పూసి ఉంటే పేపర్ తప్పనిసరి.

ఉదయగిరి చెక్క అందం వేరు. గరిటెలూ చెంచాలూ చేసే ఆ పనివాళ్ళ చేత నున్నటి పలక ఒకటి చేయించుకోవచ్చు. చెక్క చల్లదనాన్ని నిలపదు కానీ చెమర్చదు, కత్తి అంచుని పాడు చెయ్యదు. ఏసీ గదికీ, చలికాలానికీ ఇదే మేలు. నీళ్ళలో నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిచి నిలబెట్టి ఆరనివ్వండి. ఉల్లి, వెల్లుల్లి కోసే చెక్కని దీనికి వాడొద్దు.

మార్కాపురం పలకకి ఉన్న సుగుణం ఏంటంటే, దాని మీద రాసుకోవచ్చు. ఏ ముక్క పక్కన ఆ చీజ్ పేరు సుద్దతో రాస్తే వచ్చినవాళ్ళు అడిగే పనుండదు. అసలు రాతిపలకేనా, నల్లరంగు వేసిన రేకా అట్టా అన్నది చూసుకుని కొనండి. రాయి మెత్తన, కత్తి గీతలు పడి పొడి రాలుతుంది. అందుకని వేరే చోట కోసి దీని మీద అమర్చండి, చీజ్ కింద పేపర్ ఉంచండి, సుద్ద గీతల్ని చీజ్‌కి దూరంగా ఉంచండి.

మూడింట్లో ఒక్కటే కొనాలంటే ఏసీ లేని ఇంటికి గ్రానైట్, ఉన్న ఇంటికి చెక్క. పలక సరదాకి.

ఫ్యాన్ కింద పెడితే పావుగంటలో అంచులు ఎండుతాయి. ఫ్యాన్ ఆపలేం కదా, అందుకని ఒక గిన్నె బోర్లించండి, ఈగలకీ అదే అడ్డు. గది 32 డిగ్రీలు దాటితే గంటకి మించి, చల్లటి గదిలో రెండు గంటలకి మించి మెత్తటి చీజ్ బయట ఉండకూడదు. ఇంట్లో గర్భిణి ఉంటే మెత్తటి చీజ్ పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినదేనా అని లేబుల్ చూసి పెట్టండి.

ఎంత, దేనితో

తర్వాత భోజనం ఉంటే మనిషికి 30 గ్రాములు చాలు. చీజే ప్రధానమైతే 80 నుంచి 100. ఎనిమిది మందికి భోజనం ముందు పెట్టాలంటే 100 గ్రాముల గౌడా, 100 చెడ్డార్, 50 పర్మేజాన్ సరిపోతాయి. పిల్లలుంటే నాలుగు క్యూబులు అదనం. గట్టి చీజ్‌ని పల్చగా కోయండి, పర్మేజాన్‌ని కోయకుండా కత్తి మొనతో పెళ్ళలు లేపండి. మెత్తటిదాన్ని కత్తితో కోస్తే అతుక్కుంటుంది, శుభ్రమైన తెల్ల నూలుదారం రెండు చేతులతో బిగించి కిందికి దించితే నున్నగా తెగుతుంది.

తోడుగా ఉలవపాడు బంగినపల్లి కంటే మంచిది వేసవిలో దొరకదు. పండి, ఇంకా గట్టిగా ఉన్నప్పుడే ముక్కలు కోసి గౌడాతో పెట్టండి. చెడ్డార్‌కి సపోటా, దోరజామ. పర్మేజాన్ మీద ఒక చుక్క తేనె, లేదా పక్కన చిన్న తాటిబెల్లం ముక్క. జీడిపప్పు దేనితోనైనా పోతుంది. బిస్కెట్ల బదులు పప్పుచెక్కలు పెట్టొచ్చు కానీ చీజ్‌లోనే ఉప్పు దండిగా ఉంటుంది, చెక్కల్లో తగ్గించి చేసుకోవాలి. ఆవకాయ పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. ప్రాసెస్డ్ క్యూబ్‌తో బాగుంటుంది, గౌడాతో పెడితే గౌడా కొన్న డబ్బు దండగ.

నెల్లూరు కారం దోశకి మొజరెల్లా 25 గ్రాములు, లేదా ఒక ప్రాసెస్డ్ క్యూబ్ తురుము. సాగాలంటే మొదటిది, కారాన్ని తగ్గించే కమ్మదనం కావాలంటే రెండోది. రెండూ సగం సగం వేస్తే అన్నిటికంటే బాగుంటుంది. దోశ ముప్పావు వంతు కాలి, కారం పూశాక మంట తగ్గించి చీజ్ చల్లి, అర నిమిషం మూత పెట్టండి. ముందే వేస్తే నూనె విడిచి రబ్బరు అవుతుంది. పనీర్ తురిమి వేసి కరగలేదని విసుక్కోకండి. వేడిపాలలో పులుపు వేసి విరిచినది ఎంత కాల్చినా కరగదు.

పలక మీద మిగిలిన ముక్కల్ని మళ్ళీ పాత డబ్బాలో కలపకండి. అవి బయటికి వచ్చి చెమర్చినవి, పది చేతులు తగిలినవి. గంటలోపే లోపలికి వెళ్ళినవైతే వేరే గిన్నెలో మూత పెట్టి, మర్నాడు పొద్దున దోశ మీదకో ఆమ్లెట్ లోకో తురిమి వేడి మీద వాడెయ్యండి. అంతకన్నా ఎక్కువసేపు ఎండలో ఉన్న మెత్తటివైతే అటే పారెయ్యండి.